సుద్దదిన్నెలో వాన పరీక్ష

సుద్దదిన్నెకు వాన వచ్చిన రోజునే కమిటీ కూడా వచ్చింది. చిక్కంతా అక్కడే మొదలయింది.

ఆ ఊరికి వాన దూరపు చుట్టం లాంటిది. వస్తానని కబురు పెడుతుంది, మబ్బు చాటునుంచి ఒకసారి తొంగి చూస్తుంది, చివరికి పక్క మండలంలో భోజనం చేసి వెళ్లిపోతుంది. ఆ ఏడు జ్యేష్ఠం దాటినా చుక్క రాలలేదు. ఊరంతా కూడబలుక్కుని రామలింగేశ్వరుడికి నూటెనిమిది బిందెల అభిషేకం తలపెట్టింది. పెద్దరికం ఓబులేశప్ప మీద పడింది.

ఓబులేశప్పకు బజారు చివర బొరుగుల బట్టీ ఉంది. పొద్దున లేవగానే సూర్యుడికి దండం పెట్టడం, సోమవారం ఒంటిపూట ఉండటం, ఎవరు ఏ ధర్మకార్యానికి పిలిచినా కాదనకపోవడం ఆయన అలవాట్లు. చదివింది ఏడో తరగతి. అర్థం కాని విషయం ఎదురైతే కోప్పడడు, మెల్లగా ఒక ప్రశ్న అడుగుతాడు. ఆ ప్రశ్నల వల్ల ఆయనకు ఇంతవరకు లాభమేమీ కలగలేదు.

బిందెలకు నీళ్లు దొరకడమే గగనమయింది. ఇంటింటికీ చెంబు చొప్పున అడిగి పోగు చేశారు. ఎదురింటి హుసేనమ్మ తన చెంబు తెచ్చి పోస్తూ అడగనే అడిగింది.

"తాగేదానికే నీళ్లు లేవు గదన్నా. ఉన్న నాలుగు చుక్కలూ దేవుని నెత్తిన పోస్తే ఎట్ల?"

"మనం అడిగేది ఏందో ఆయనకు చూపియ్యొద్దా అమ్మా?" అన్నాడు ఓబులేశప్ప.

ఆయనకు కనబడినట్టే ఉంది. నూటెనిమిదో బిందె పోసి హారతి ఇస్తుండగా పడమట ఉరిమింది. సాయంకాలానికి కుండపోత. ఎన్నడూ ఇసుక తప్ప మరొకటి ఎరగని వంక ఒడ్లు ఒరుసుకుని పారింది. సరిగ్గా ఆ వంకలోనే రాజధాని నుంచి వస్తున్న జీపు దిగబడింది.

జీపులో ఉన్నది భవన నియమావళి కమిటీ. ఏ ప్రాంతపు వాతావరణం ఎట్లా ఉందో, నేల ఎట్లా ఉందో కళ్లారా చూసి, దానికి తగ్గట్టు ఇళ్ల నియమాలు రాయడం వారి పని. అధ్యక్షుడు పరాంకుశంగారి ఎడమకాలి చెప్పు వంకలో కొట్టుకుపోయింది. అందరూ తడిసి ముద్దయి, వెలుగు కనబడ్డ మొదటి చోటికి పరుగెత్తారు. అది ఓబులేశప్ప బట్టీ.

ఆయన పొడి తువ్వాళ్లు ఇచ్చాడు. బట్టీ ముందు కూర్చోబెట్టాడు. భార్య సుంకులమ్మ బొరుగులు నానబెట్టి తాలింపు వేసి వేడివేడిగా ఉగ్గాణి చేసి, మిరపకాయ బజ్జీలతో పెట్టింది. కడుపు నిండాక పరాంకుశంగారు కళ్లద్దాలు తుడుచుకుని, "ఇక్కడ వానలు ఇలాగే పడతాయా?" అని అడిగారు.

ఓబులేశప్ప మనసు అప్పటికి భక్తితో నిండి ఉంది. "అంతా శివుని దయ సార్. అడిగితే పడతాది" అన్నాడు చేతులు జోడించి.

పరాంకుశంగారు సహాయకుడి వైపు చూశారు. సహాయకుడు రాసుకున్నాడు: స్థానికుల కథనం ప్రకారం ఇచ్చట కోరినప్పుడల్లా వర్షము కురియును.

*

ఆ వాన తర్వాత మళ్లీ వాన రాలేదు. నియమావళి మాత్రం వచ్చింది.

నగర పంచాయతీ హాలులో సభ పెట్టి, ప్లానింగు ఆఫీసరు విశ్వేశ్వరప్రసాదు దాన్ని చదివి వినిపించాడు. ఆయనది కోనసీమ. ఈ ఊరికి బదిలీ అయి వచ్చిన నాటినుంచి తనివితీరా స్నానం చేయలేదని తానే చెప్పుకునేవాడు.

"ఇంతవరకూ ఎండల ఊరికీ మంచు ఊరికీ ఒకటే గోడ, ఒకటే కప్పు. ఈ అన్యాయాన్ని ప్రభుత్వం గుర్తించింది. ఇకమీదట ఏ ఊరి వాతావరణానికి ఆ ఊరి ఇల్లు, ఏ నేలకు ఆ నేల పునాది" అన్నాడాయన.

జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా ఓబులేశప్ప కొట్టాడు. ఇన్నాళ్లకు ఒక న్యాయమైన మాట విన్నాననుకున్నాడు.

"తదనుగుణంగా సుద్దదిన్నెను అతివృష్టి మరియు జలప్రవాహ ప్రాంతముగా వర్గీకరించడమైనది."

చప్పట్లు ఆగాయి.

నియమాలు ఇవి. ఇంటి పునాది రొమ్మెత్తు ఉండాలి. కప్పు నాలుగు వైపులా వాలుగా ఉండాలి. ప్రతి ఇంటి ముందు గోడకు పడవ కట్టుకోవడానికి ఇనుప కడియం బిగించాలి. చదును కప్పులు, అంటే మిద్దెలు, ఉండరాదు.

సుద్దదిన్నెలో ఉన్నవన్నీ మిద్దెలే. దూలాల మీద నాపబండలు పరిచి, ఆపైన చౌడుమట్టి మెత్తి, ఏటా కొత్త చౌడు చల్లుకుంటారు. ఆ మట్టి తడిస్తే బిగుస్తుంది, చుక్క దిగనివ్వదు. నీళ్లు వాటంగా పారి ఒక మూలనున్న రాతి దోనె గుండా కింద పడతాయి. మిద్దె మీదే వేరుశనక్కాయలు ఆరతాయి, మిరపకాయలు ఆరతాయి, ఎండాకాలం మనుషులు కూడా ఆరతారు.

ఓబులేశప్ప మెల్లగా లేచాడు. "సార్, ఈ ఊళ్లో వాన పడదు గదా సార్?"

"అది మీ వ్యక్తిగత అనుభవం. కమిటీది క్షేత్ర పరిశీలన" అన్నాడు విశ్వేశ్వరప్రసాదు. తర్వాత కాగితం తిప్పి చూసి, "వాన కోరినప్పుడల్లా పడుతుందని ఒక స్థానికుడు వాంగ్మూలం కూడా ఇచ్చాడు" అన్నాడు.

ఓబులేశప్ప లేచినంత మెల్లగానూ కూర్చున్నాడు. పక్కనున్న సుంకులమ్మ ఆయన వైపు చూడకుండానే, "ఆ స్థానికుని నోట్లో ఉగ్గాణి పెట్టుంటే సరిపోయేది. నేను వాళ్లకు పెడితిని" అంది.

*

కడియాలతో పెద్ద ఇబ్బంది రాలేదు. పడవ ఎంత ఉంటుందో కమ్మరికి తెలియదు కాబట్టి, ఎనుముకు సరిపడే కడియాలు చేసి ఇచ్చాడు. ఊళ్లో అందరూ వాటికి ఎనుముల్ని కట్టేశారు. తనిఖీకి వచ్చిన విశ్వేశ్వరప్రసాదు ఒక్కొక్క ఎనుమునూ పరికించి చూసి, "పడవ తాత్కాలికంగా అందుబాటులో లేదు" అని రాసుకున్నాడు.

చిక్కు మిద్దెలతోనే. ముందుగా కొత్త ఇళ్ల మీద పడ్డారు. ఆ ఏడు ఊళ్లో కొత్తిల్లు కట్టింది ఓబులేశప్ప ఒక్కడే. బట్టీ పొగకు సుంకులమ్మకు ఆయాసం పట్టుకుంది. నాలుగు గోడల మధ్య పడుకుంటే తెల్లవార్లూ కూర్చునే ఉంటుంది. మిద్దె మీద ఆరుబయట పడుకుంటే ఊపిరి ఆడుతుంది. అందుకని బట్టీకి దూరంగా, గాలి వచ్చే వైపు చూసి, విశాలమైన మిద్దెతో ఇల్లు కట్టించాడు. మిద్దె ఎక్కడానికి ఆమె కోసం పొట్టి పొట్టి మెట్లు పెట్టించాడు. గృహప్రవేశమై నెల కూడా కాలేదు.

"ఈ కప్పు చదునుగా ఉంది" అన్నాడు విశ్వేశ్వరప్రసాదు మిద్దెక్కి నిలబడి.

"మిద్దె సార్. మిద్దె చదునుగానే ఉంటాది."

"వాలుగా మార్చాలి."

"వాలుగా ఉంటే బొరుగుల బియ్యం యాడ ఆరబోయల్ల సార్? మా ఆడమనిషి యాడ పండుకోవల్ల?"

"నిద్ర నియమావళి పరిధిలోకి రాదు."

"జారి కింద పడితే?"

"జారడం నీటికి ఉద్దేశించినది. మనుషులు జారితే ఆ బాధ్యత శాఖది కాదు" అని ఆయన నోటీసు అందించాడు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "నన్నేం చేయమంటారు ఓబులేశప్పగారూ. ముందు వాన పరీక్ష ఉంటుంది. అది పూర్తయ్యేదాకా కప్పును ముట్టుకోవడానికి మీకూ అధికారం లేదు, నాకూ లేదు. పరీక్షించాల్సిన వస్తువును పరీక్షకు ముందే మార్చేస్తే పరీక్ష దేనికి?" అన్నాడు.

"వాన పరీక్ష అంటే?"

"కప్పు మీద వాన పడాలి. నేలకు చేరిన నీటిని నేను కొలవాలి. కొలిచి సంతకం పెట్టాలి. మర్నాడు కప్పు తీసేస్తారు."

"వాన యాడుంది సార్?"

"లేకపోతే శాఖే కురిపిస్తుంది" అన్నాడాయన కాస్త గర్వంగా.

*

శాఖ కురిపించిన వాన ట్యాంకరులో వచ్చింది. ఎక్కడో ముప్పై మైళ్ల అవతలి రిజర్వాయరు నుంచి, నిండుగా, తేటగా, గొట్టంతో సహా వచ్చింది. ఊరి తాగునీటి ట్యాంకరు ఆగిపోయి పక్షం దాటింది. తాగునీటి పద్దులో నిధులు లేవట. వాన పద్దు కొత్తది కాబట్టి దండిగా ఉన్నాయట.

విశ్వేశ్వరప్రసాదు గొడుగు విప్పి, కొలపాత్ర పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. డ్రైవరు గొట్టం పైకెత్తి మిద్దె మీదికి నీళ్లు వదిలాడు. చౌడు మీద పడ్డ నీళ్లు వాటం చూసుకుని పారి, ఒక్కటొక్కటిగా కూడి, రాతి దోనె గుండా లావుపాటి ధారగా దూకాయి.

ఆ ధార చప్పుడు వీధి వీధంతా విన్నది. ముందు హుసేనమ్మ బిందెతో వచ్చింది. ఆమె బిందె నిండేలోపు వెనుక వరస కట్టారు. బిందెలు, కడవలు, కాగులు, పెళ్లిళ్ల వంటకు వాడే గంగాళాలు. ఒక బిందె తీసి మరొక బిందె పెట్టడంలో సుద్దదిన్నె ఆడవాళ్లను మించినవాళ్లు లేరు. ధారకు నేల కనబడనివ్వలేదు.

"జరగండమ్మా, నీళ్లు నేలమీద పడాలి" అన్నాడు విశ్వేశ్వరప్రసాదు.

"నేలమీద పడితే పాపం సార్" అంది హుసేనమ్మ బిందె మార్చుతూ.

ట్యాంకరు ఖాళీ అయింది. ఆయన వంగి వాకిలి చూశాడు. వేలితో దుమ్ము తీసి చూశాడు. పొడిగా ఉంది. కొలపాత్రలో చుక్క లేదు. చాలాసేపు ఆలోచించి రాశాడు: నేలకు చేరిన నీరు లేదు. కావున వర్షము కురిసినట్లు నిర్ధారణ కాలేదు. పరీక్ష వచ్చే వారం మరల జరుపవలెను.

ఓబులేశప్ప ఆ కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు. "అంటే సార్, అంతదాకా మిద్దె ఉంటాదా?"

"ఉండి తీరాలి. పరీక్ష నడుస్తోంది కదా."

"వచ్చే వారం కూడా నేల తడవకపోతే?"

విశ్వేశ్వరప్రసాదు గొడుగు ముడిచాడు. దోనె కింద నిండిన గంగాళం వైపు చూశాడు. అటునుంచి చూపు తిప్పుకోవడానికి ఆయనకు కొంచెం సమయం పట్టింది.

మరుసటి వారం నేల తడవలేదు. ఆపై వారం కూడా తడవలేదు. మూడో పరీక్షకు విశ్వేశ్వరప్రసాదు తన బకెట్టు తెచ్చుకుని, ఎవరికీ చెప్పకుండా వరసలో పెట్టాడు. ఆడవాళ్లు చూసీ చూడనట్టు దాన్ని ముందుకు జరిపారు. మర్నాడు ఆయన తలంటుకుని, నుదుట విభూతి పెట్టుకుని ఆఫీసుకు వచ్చాడని చెప్పుకున్నారు.

కబురు పాకింది. వాలు కప్పు వేయించుకోవడానికి పెంకులు దించుకున్న వాళ్లు ఆ పెంకుల్ని దొడ్డిగోడలకు పెట్టేశారు. తమ మిద్దెలకూ వాన పరీక్ష జరపమని ప్రతి వీధీ అర్జీ పెట్టింది. నియమాన్ని ఇంత ఉత్సాహంగా పాటించే ఊరు మరొకటి లేదని శాఖ పొంగిపోయింది. ట్యాంకర్లు పెంచింది.

ఓబులేశప్పకు మాత్రం లోపల ఒక మూల గుచ్చుకుంటూనే ఉంది. "ఇది మోసం అవుతాదేమో సుంకులా?" అన్నాడొకనాడు.

మిద్దె మీద బియ్యం నెరుపుతున్న సుంకులమ్మ తలెత్తకుండా, "నువ్వు శివుణ్ని వాన అడిగితివి. ఆయన ట్యాంకరులో పంపిస్తాండాడు. ఎందులో పంపల్లో కూడా నువ్వే చెప్తావా?" అంది.

ఓబులేశప్ప పక్కన కూర్చుని తానూ బియ్యం నెరపసాగాడు.

*

ఎన్ని వానలు కురిపించినా సుద్దదిన్నెలో ఒక్క పరీక్షా పూర్తికాకపోవడం రాజధానిలో ఎవరికో అనుమానం కలిగించింది. పరాంకుశంగారే స్వయంగా బయలుదేరుతున్నారని తాకీదు వచ్చింది. ఓబులేశప్ప ఇంటి పరీక్ష ఆయన సమక్షంలో జరగాలి. ఇంటి చుట్టూ తాళ్లు కట్టాలి. బిందెగాని, బిందెను పోలిన మరే పాత్రగాని తాళ్లు దాటరాదు. నీళ్లు నేలకు చేరాలి. మర్నాడు కప్పు తీయాలి.

విశ్వేశ్వరప్రసాదు ఆ తాకీదు చదివి వినిపించేటప్పుడు ఆయన గొంతులో ఎప్పటి బిగువు లేదు. "నా చేతుల్లో లేదండీ" అన్నాడు. "నా బకెట్టు కూడా తాళ్లకు బయటే."

ఆ పొద్దున ఓబులేశప్ప గుడికి ఒక్క చెంబు నీళ్లతో వెళ్లాడు. వాన పరీక్ష నీళ్లే, కడవలో మిగిలినవి. లింగం మీద పోసి నిలబడ్డాడు. ఏమడగాలో తోచలేదు. పోయినసారి అడిగిందానికి ఏం జరిగిందో చూశాడు కదా. వాన అడిగితే ట్యాంకరు వచ్చింది, ట్యాంకరు వెంట తాడు వచ్చింది. చివరికి, "స్వామీ, ఆమెకు ఊపిరాడే చోటొకటి ఉండనీ. మిగతాది నీకు తెలుసు" అని వచ్చేశాడు.

ఇంటి ముందు షామియానా వేశారు. తాళ్లు కట్టారు. తాళ్ల అవతల ఊరంతా ఖాళీ బిందెలతో నిలబడింది. పరాంకుశంగారు ఈసారి రెండు చెప్పులతోనే దిగి, కుర్చీలో కూర్చున్నారు. సుంకులమ్మ మిద్దె మీది చాప, దిండు చుట్టి కిందికి తెచ్చి అరుగు మీద పెట్టింది. ఆ చుట్టను చూడలేక ఓబులేశప్ప పడమటి వైపు తిరిగాడు.

తిరిగినవాడు తిరిగినట్టే ఉండిపోయాడు. పడమట నల్లగా ఉంది.

"కానివ్వండి" అన్నారు పరాంకుశంగారు. డ్రైవరు గొట్టం ఎత్తాడు. ట్యాంకరు నుంచి మొదటి చుక్క పడకముందే ఆకాశం నుంచి పడింది. ఆ తర్వాత ఏది ఎవరి వానో చెప్పడానికి వీల్లేకపోయింది. గాలికి షామియానా లేచి ఎనుముల మీద పడింది. తాళ్లు తెగాయి. పరాంకుశంగారు, సహాయకుడు, విశ్వేశ్వరప్రసాదు, డ్రైవరు అందరూ పరుగున వచ్చి ఓబులేశప్ప ఇంట్లో దూరారు. ఓబులేశప్ప వానలోనే మిద్దెక్కి, వెలుతురు కోసం వదిలిన గవాచి మీదికి బండ జరిపి మూసి దిగివచ్చాడు.

బయట ప్రళయంగా ఉంది. లోపల పొడిగా ఉంది. సుంకులమ్మ పొయ్యి వెలిగించింది. కాసేపటికి ఉగ్గాణి వచ్చింది, బజ్జీలు వచ్చాయి. పరాంకుశంగారు రెండోసారి పెట్టించుకున్నారు. విశ్వేశ్వరప్రసాదు తలెత్తి నాపబండల వైపు అదే పనిగా చూస్తున్నాడు. ఎక్కడా చెమ్మ లేదు. బయట దోనె ధార కింద బిందెలు మారుతున్న చప్పుడు వినబడుతోంది.

ఓబులేశప్ప చేతులు కట్టుకుని మెల్లగా అడిగాడు. "సార్, వాన పడుతాంది గదా. మిద్దె కురుస్తాందో లేదో ఇప్పుడే చూసుకోవచ్చు గదా సార్."

పరాంకుశంగారు జాలిగా నవ్వారు. "ఇది పరీక్ష వాన కాదయ్యా. దీనికి మంజూరు లేదు" అని, సహాయకుడి వైపు తిరిగి చెప్పారు. "రాసుకోండి. వర్షము కారణముగా వర్ష పరీక్ష వాయిదా వేయడమైనది."

సహాయకుడు రాసుకున్నాడు. కాగితం మీద ఒక్క చుక్క కూడా పడలేదు.

పరాంకుశంగారు చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ, "ఇంతకూ ఇక్కడ వానలు ఎప్పుడూ ఇలాగే పడతాయా?" అన్నారు.

సుంకులమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఓబులేశప్ప ఈసారి తొందరపడలేదు. అబద్ధం ఆడకూడదు, ఉన్నమాట పూర్తిగా ఆడితే ఏమవుతుందో తెలుసు. చూసిందే చెప్పాడు.

"ఏమో సార్. మీరు వచ్చినప్పుడే పడుతాంది."

*

నియమావళికి సవరణ దీపావళిలోపే వచ్చింది. విశ్వేశ్వరప్రసాదు బజారులో నిలబడే చదివాడు, నవ్వు ఆపుకోవడానికి మధ్యలో రెండుసార్లు దగ్గాడు.

సుద్దదిన్నెలో వర్షము కమిటీ పర్యటనలకు లోబడి కురియుచున్నట్లు క్షేత్ర పరిశీలనలో రెండుమార్లు రుజువైనందున, కమిటీ పర్యటించని దినములలో ఈ పట్టణమును అనావృష్టి ప్రాంతముగా పరిగణించవలెను. అట్టి దినములలో చదును కప్పులు అనుమతించబడును. వాన పద్దు రద్దు చేయడమైనది.

ఆ సాయంత్రమే సుంకులమ్మ చాప చంకన పెట్టుకుని, పొట్టి మెట్లన్నీ ఆగకుండా ఎక్కింది.

మరుసటి ఏడు మళ్లీ జ్యేష్ఠం వచ్చింది, మళ్లీ ఎండిపోయింది. నూటెనిమిది బిందెల సంగతి మాట్లాడుకోవడానికి అందరూ గుడి మంటపంలో చేరారు. ఒకరిద్దరు కుర్రకారు, దేవుడికెందుకు, కమిటీకే ఒక అర్జీ పడేస్తే పోలా అన్నారు.

ఓబులేశప్పకు ఆ మాట నచ్చలేదు. "పిలవాల్సింది ఆయన్నే. ఇచ్చేదీ ఆయనే" అని గట్టిగా చెప్పి, బిందెలకు రోజు కుదిర్చి ఇంటికి వచ్చాడు.

వాకిట్లో ఎదురొచ్చిన హుసేనమ్మ, "ఏమన్నా, యా పొద్దు పెట్టుకున్యారు?" అని అడిగింది.

"సోమవారమమ్మా" అన్నాడు ఓబులేశప్ప. ఇంట్లోకి ఒక అడుగు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు. "విశ్వేశ్వరప్రసాదు సారు కనపడితే ఒక మాట చెప్పమ్మా. ఆ పరాంకుశం సారుకు సోమవారం తీరిక ఉంటాదేమో కనుక్కోమను. ఊరికే, ఉగ్గాణికి."